ఉప్పుకండం, చికెన్ పచ్చడి: పాడవకుండా, ప్రాణం మీదికి రాకుండా

ఎండు మాంసం అనగానే మూతి ముడిచేవాళ్ళు చాలామంది. దండెం మీద, ఎండలో, ఈగల మధ్య వేలాడిన మాంసం ఎలా తింటారండీ అని అడుగుతారు. వాళ్ళే కొరియర్లో వచ్చిన చికెన్ పచ్చడి డబ్బాని నెల రోజులు డైనింగ్ టేబుల్ మీదే ఉంచి రోజూ వేడన్నంలో కలుపుకుంటారు. క్రిముల లెక్కలో చూస్తే ఇది పూర్తిగా ఉల్టా. బాగా ఎండి, విరిస్తే టక్కున విరిగే ఉప్పుకండంలో ఏ బాక్టీరియా పెరగలేదు. మెత్తగా, కొరికితే రసం వచ్చే చికెన్ ముక్క నూనెలో మునిగి బయట కూర్చుంటే మాత్రం దాన్ని అనుమానించాల్సిందే.

రెండూ ఇంట్లో ఎలా చేసుకోవాలో కొలతలతో చెబుతాను. ముందు ఒక చిన్న డిజిటల్ తూకం కొనండి, ఇంట్లో లేకపోతే. మసాలాలు తూచడానికి కాదు, మాంసంలోంచి నీరు ఎంత పోయిందో తెలుసుకోవడానికి. అది లేకుండా "బాగానే ఎండిందిలే" అనుకోవడం దగ్గరే సగం తేడాలు వస్తాయి.

నిజంగా కాపాడేది ఏది

నీరు తగ్గించడం, పులుపు పెంచడం. ఈ రెండే. కారం, పసుపు, వెల్లుల్లి, గరం మసాలా రుచికి. వాటికి కొద్దో గొప్పో గుణం ఉంటుంది కానీ వాటిని నమ్ముకుని మాంసం బయట పెట్టలేం. పైగా మిరపకాయలూ ధనియాలూ కళ్ళాల్లో నేల మీద ఆరినవే కాబట్టి మట్టిలోని బాక్టీరియా స్పోర్లు (గట్టి పెంకులో నిద్రపోతున్న రూపం) వాటితో పాటే వంటింట్లోకి వస్తాయి. వేయిస్తే తగ్గుతాయి, పూర్తిగా పోవు.

నీరు అంటే మాంసంలో ఉన్న నీరంతా కాదు, క్రిములకి అందుబాటులో ఉన్న నీరు. దాన్ని వాటర్ యాక్టివిటీ అంటారు, సున్నా నుంచి ఒకటి దాకా కొలుస్తారు. పచ్చి మాంసంలో అది 0.99 దగ్గర ఉంటుంది, అంటే క్రిములకి పండగే. 0.94 కిందికి దిగితే సాల్మొనెల్లా ఆగిపోతుంది, బొట్యులిజం (కండరాల్ని చచ్చుబడేసే విష జబ్బు) తెచ్చే క్లాస్ట్రీడియం కూడా దాదాపు అక్కడే ఆగుతుంది. లిస్టీరియా 0.92 దాకా లాగుతుంది. అన్నిటికంటే మొండిది స్టఫైలోకాకస్ ఆరియస్, అది 0.85 దాకా వదలదు. ఉప్పంటే దానికి లెక్కే లేదు. అదెక్కడో బయటి నుంచి రాదు, మన ముక్కులో, చేతి మీద మానని పుండులో ఉంటుంది. 0.85 దాటి ఇంకా కిందికి వెళ్తే మిగిలేది ఎక్కువగా బూజే, 0.60 కింద అదీ ఉండదు.

ఉప్పు గొప్పతనం ఏంటంటే అది ఉన్న కాస్త నీటినీ పట్టి ఉంచుతుంది. ఉప్పు ఇక కరగనంత చిక్కగా ఉన్న నీటికి వాటర్ యాక్టివిటీ 0.75. అంటే ముక్కలో మిగిలిన నీరంతా ఉప్పుతో నిండిపోయేదాకా ఎండితే చాలు, రాయిలా ఎండాల్సిన పని లేదు.

పులుపు లెక్క ఇంకా సులువు. దాన్ని పీహెచ్‌తో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 4.6 కంటే తక్కువుంటే బొట్యులిజం క్రిమి పెరగదు. మాంసం పీహెచ్ మామూలుగా 5.5 నుంచి 6 మధ్య ఉంటుంది, నిమ్మరసానిది 2 నుంచి 2.6. ఎంత పిండాలో తర్వాత చెబుతాను.

ఉప్పుకండం

రాయలసీమలో, తెలంగాణలో ఒట్టి తునకలు అన్నా ఇదే పని. మేక, గొర్రె, పొట్టేలు, పశువు, ఏ మాంసమైనా పద్ధతి ఒకటే. చికెన్‌తో మాత్రం వద్దు, దానికి పచ్చడే సరి.

మాంసం తెల్లవారే తెచ్చుకోండి, ఆ రోజు ఎండ ఉందో లేదో చూసుకుని మరీ. తొడ కండ అడగండి, కొవ్వూ పొరలూ తీసేసి పొడుగ్గా, చిటికెన వేలి మందాన చీల్చి ఇవ్వమనండి. కొవ్వు ఎండదు, కొన్నాళ్ళకి ముక్కిపోయి మొత్తం డబ్బాకి ఆ కంపు పట్టిస్తుంది. ముక్కలు లావుగా ఉంటే పైన గట్టి పొర కట్టి లోపల పచ్చిగా ఉండిపోతాయి, చూడ్డానికి ఎండినట్టే ఉంటాయి. అదే అసలు మోసం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కోసిన జంతువు మాంసమే వాడండి, చచ్చిన జంతువుది ఎప్పుడూ వద్దు, ఎంత చవగ్గా వచ్చినా, ఊళ్ళో అందరూ వాటాలు వేసుకుంటున్నా సరే. విశాఖ మన్యంలో, పక్కనే ఉన్న ఒడిశా కోరాపుట్‌లో ఇలా చచ్చిన పశువుల్ని, గొర్రెల్ని కోసి పంచుకున్న చోట ఆంత్రాక్స్ అనే, పశువుల నుంచి మనుషులకి సోకే ప్రాణాంతక జబ్బు పలుసార్లు బయటపడింది. తిన్నవాళ్ళకే కాదు, కోసినవాళ్ళకి చేతుల మీద నల్లటి మచ్చతో పుండ్లు పడతాయి. దాని స్పోర్లు ఎండకీ ఉప్పుకీ చావవు, మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటాయి. ఎండబెట్టడం దానికి విరుగుడు కాదు.

పచ్చిగానే ఉప్పు, కారం పట్టించి దండెం మీద వేసే ఇళ్ళు ఉన్నాయి, ముందు ఉడికించి ఎండబెట్టే ఇళ్ళూ ఉన్నాయి. నా ఓటు రెండోదానికే. ఎండ వేడి క్రిముల్ని చంపదు, ఆరబెడుతుందంతే. ఆరిపోయిన బాక్టీరియా ఇంకా మొండిగా తయారై తర్వాత వేడిని కూడా తట్టుకుంటుంది. 1995లో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో ఇంట్లో ఎండబెట్టిన జింక మాంసం తిన్నవాళ్ళకి ఈ.కోలై ఓ157 అనే ప్రమాదకరమైన బాక్టీరియా సోకింది. అమెరికా వ్యవసాయ శాఖ అందుకే, ఎండబెట్టే ముందే మాంసాన్ని 71 డిగ్రీల దాకా, కోడి మాంసమైతే 74 దాకా వేడి చెయ్యమని చెబుతుంది. మన పెద్దవాళ్ళు సగం ఉడకబెట్టి ఆరేసింది కూడా దాదాపు ఇదే పని, థర్మామీటర్ లేకుండా.

కిలో మాంసానికి 40 గ్రాముల ఉప్పు తూచి వెయ్యండి. కల్లుప్పు అయినా మెత్తటి ఉప్పు అయినా సరే, చెంచాతో మాత్రం కొలవద్దు, ఎందుకంటే కల్లుప్పు చెంచా, మెత్తుప్పు చెంచా ఒకే బరువు ఉండవు. పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద మీ ఇష్టం. వెడల్పాటి గిన్నెలో వేసి, ముక్కలోంచి ఊరిన నీటిలోనే ఉడకనివ్వండి, అవసరమైతే అర గ్లాసు నీళ్ళు పొయ్యండి. నీరు మొత్తం ఇంకిపోయేదాకా పొయ్యి మీదే ఉంచాలి. ఆ నీరు పారబోస్తే అందులో కరిగిన ఉప్పు కూడా పోతుంది, అప్పుడు మనం వేసిన 40 గ్రాముల లెక్క తప్పుతుంది.

చల్లారాక ఇక చేతులు పెట్టొద్దు, పెడితే సబ్బుతో కడుక్కుని పెట్టండి. ఉడికిన మాంసం మీద పోటీ క్రిములేవీ ఉండవు కాబట్టి మన చేతి మీది స్టఫైలోకాకస్‌కి అది ఖాళీ స్థలం. వేలికి దెబ్బ తగిలి ఉంటే ఆ పని ఇంకెవరికైనా అప్పగించండి. దబ్బనంతో ముక్కల్ని నూలు తాడుకి గుచ్చి, ముక్కకీ ముక్కకీ మధ్య గాలి ఆడేలా దండెం కట్టండి. లేదా స్టీలు జల్లెడలో పరవండి. చుట్టూ దోమతెర తప్పనిసరి. ఈగ వాలిందంటే గుడ్లు పెడుతుంది, పురుగు పడుతుంది, ఎండ ఎంత ఉన్నా సరే. కాకులూ పిల్లులూ సరేసరి.

మొదటి రోజే ముఖ్యం. కిలో మాంసం సాయంత్రానికి అర కిలోకి రావాలి. ఉడికేటప్పుడే చాలా నీరు పోతుంది కాబట్టి ఏప్రిల్, మే ఎండల్లో ఇది కష్టమేమీ కాదు. రాకపోతే రాత్రికి ఫ్రిజ్‌లో మూత లేకుండా పళ్ళెంలో పెట్టండి, డాబా మీద మంచులో వదిలెయ్యకండి. సీమలో రెండు మూడు రోజులు పడితే కోస్తాలో ఇంకో రెండు రోజులు ఎక్కువ పడుతుంది, గాలిలో తేమ అలాంటిది.

అయిపోయిందని ఎప్పుడు అనాలి? తూకం 400 గ్రాములు చూపించాక. లెక్క చూడండి: కిలో మాంసంలో ముప్పావు కిలో నీరు, పావు కిలో గట్టి పదార్థం. దానికి 40 గ్రాముల ఉప్పు కలిస్తే 290. మొత్తం 400 ఉందంటే నీరు 110 గ్రాములు మిగిలింది, అందులో 40 గ్రాముల ఉప్పు ఉంది. ఆ నీరు ఉప్పుతో నిండిపోయినట్టే. 450 దగ్గర ఆపేస్తే 160 గ్రాముల నీటికి అదే 40 గ్రాములు, అంటే సరిగ్గా స్టఫైలోకాకస్ గీత అంచున నిలబడ్డట్టు. ఆ 50 గ్రాముల తేడా కంటికి కనపడదు, చేతికి తెలియదు. 350కి తీసుకెళ్తే ఇంకా నిశ్చింత. చివరగా అన్నిటికంటే లావు ముక్క ఒకటి తీసి మధ్యకి విరిచి చూడండి, లోపల మెరుస్తూ తడిగా కనిపిస్తే మిగతా వాటినీ ఇంకో రోజు ఎండకి పంపండి.

అపార్ట్‌మెంట్‌లో ఎండ లేనివాళ్ళూ, అమెరికాలో చలిలో ఉన్నవాళ్ళూ ఓవెన్‌ని 60 నుంచి 70 డిగ్రీల మధ్య పెట్టి, తలుపు కాస్త తెరిచి ఆరబెట్టుకోవచ్చు. డీహైడ్రేటర్ ఉంటే ఇంకా మంచిది. తూకం లెక్క మారదు.

వానాకాలం వచ్చాక

ఉప్పుకి ఒక గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే అది నీటిని లాక్కుంటుంది. వానల్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది అందుకే. ఉప్పుకండం కూడా అంతే, కాకినాడలోనో మచిలీపట్నంలోనో జులైలో డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే మనం కష్టపడి తీసిన నీరు మళ్ళీ లోపలికి వస్తుంది. గాలి చొరబడని గాజు సీసాలో, చిన్న చిన్న భాగాలుగా పెట్టుకుంటే ఒకటి తెరిచినప్పుడు మిగతావి భద్రంగా ఉంటాయి. ఎండ కాసిన రోజు తీసి ఆరబెట్టడం పాత అలవాటు, మానొద్దు, డబ్బాని పెట్టేముందు ఒకసారి తూచి ఆ బరువు మూత మీద రాసిపెట్టుకుంటే ఎంత తేమ ఎక్కిందో కూడా తెలిసిపోతుంది. బూజు కనిపిస్తే తుడిచి తినే ప్రయత్నం చెయ్యకండి, ఆ సీసా మొత్తం పారెయ్యండి. ఫ్రీజర్‌లో చోటుంటే అసలు ఈ గొడవే లేదు.

వండేటప్పుడు వేడి నీళ్ళలో అరగంట నానబెట్టి, ఆ ఉప్పు నీళ్ళు పారబోసి, వెంటనే వండెయ్యాలి. రాత్రి నానబెట్టి పొద్దున వండుదామనుకుంటే గిన్నెని ఫ్రిజ్‌లో పెట్టండి, ఎందుకంటే నీరు తాగిన క్షణం నుంచి అది మళ్ళీ మామూలు మాంసమే. గోంగూర, చింతచిగురు, దోసకాయ, దేంతో వండినా ముందు కుక్కర్‌లో నాలుగు కూతలు రానివ్వండి. మిగిలిన కూరని పొయ్యి గట్టు మీద రాత్రంతా వదలకండి. పెద్ద గిన్నెలో నిదానంగా చల్లారే మాంసం కూరలో క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనేది 43, 45 డిగ్రీల దగ్గర పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. చిన్న గిన్నెల్లోకి తీసి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇక చికెన్ పచ్చడి

"పైన నూనె తేలితే ఏడాదైనా పాడవదు" అనే మాట ఆవకాయకి నప్పుతుంది. అక్కడ మామిడికాయే పులుపు, పైగా దండిగా ఉప్పు. చికెన్‌లో పుట్టు పులుపు లేదు. నూనె చేసే పని గాలి తగలకుండా చూడటం, దాంతో బూజు ఆగుతుంది. కానీ బొట్యులిజం క్రిమికి కావాల్సింది కూడా గాలి లేని చోటే! దాని స్పోర్లు మట్టి నుంచి వెల్లుల్లి మీద, అల్లం మీద వస్తాయి, మామూలుగా ఉడకబెడితే చావవు, 121 డిగ్రీల ప్రెషర్ వేడి కావాలి. నూనె 170 డిగ్రీలు ఉంది కదా అంటారేమో, తడి ఉన్నంతసేపు ముక్క లోపల 100 దాటదు. కాబట్టి స్పోర్లు ఉన్నాయనే అనుకుని, అవి మొలవకుండా చూసుకోవడమే మన పని. వాక్యూమ్ ప్యాకింగ్ కూడా నూనె లాంటిదే, గాలి తీసేస్తుంది అంతే, పచ్చడిని భద్రం చెయ్యదు.

కిలో బోన్‌లెస్ ముక్కలు, అంగుళం కంటే చిన్నవి. ఎముకతో ఉంటే రుచి నిజమే కానీ ఎముక చుట్టూ తడి ఆరదు. కోడిని కుళాయి కింద ధారగా కడిగితే నీటి చుక్కలతో సింకు, గట్టు, పక్కన పెట్టిన కొత్తిమీర అన్నీ తడుస్తాయి, దాంతో పాటు సాల్మొనెల్లా కూడా. కడగకుండా ఉండలేమంటే గిన్నెలో నీళ్ళు పోసి మెల్లగా కడిగి, సింకుని సబ్బుతో కడగండి. పసుపు, ఉప్పు వేసి దాని నీటిలోనే ఉడికించి నీరు ఇంకించండి. తర్వాత నూనెలో కొంచెం కొంచెంగా, బుడగలు దాదాపు ఆగిపోయేదాకా వేయించండి. ఆ బుడగలు ముక్కలోంచి వచ్చే ఆవిరి, అవి గలగలా వస్తున్నంతసేపు లోపల నీరున్నట్టే. తీసి తూచితే అర కిలో, ఇంకా తక్కువ ఉండాలి. మెత్తగా ఉండాలని ముందే తీసేస్తే అది పచ్చడి కాదు, కూర. కూరలాగే రెండు మూడు రోజుల్లో తినేయ్యండి.

అదే నూనెలో అల్లం వెల్లుల్లి ముద్దని పచ్చి వాసన, తడి రెండూ పోయేదాకా వేయించండి. పొయ్యి ఆపి కారం, వేయించి కొట్టిన మసాలా, 50 గ్రాముల ఉప్పు కలపండి, ముందు వేసిన ఉప్పుతో కలిపి. పూర్తిగా చల్లారాక నిమ్మరసం, 150 మిల్లీలీటర్ల దాకా. ఇక్కడే చాలామంది చెయ్యి వెనక్కి లాగుతారు, రెండు కాయలు పిండి సరిపెడతారు. అది రుచికి చాలు, రక్షణకి చాలదు. ఇంకో చిక్కు ఉంది, నిమ్మరసం పులుపుతో పాటు నీరు కూడా తెస్తుంది, అందుకే ముక్క ముందే బాగా వేగి ఉండాలి. నీరు వద్దనుకుంటే కొంత రసం బదులు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వాడుకోవచ్చు. గోంగూర మటన్ పచ్చడికి కూడా ఇదే సూత్రం, గోంగూర పులుపు ఉంది కదా అని ఊరుకోకుండా నిమ్మకాయ పిండండి.

పులుపు ముక్క లోపలికి వెళ్ళడానికి సమయం పడుతుంది, కాబట్టి కలిపిన వెంటనే సీసా ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి, "ఊరాలి" అని మూడు రోజులు బయట పెట్టకూడదు. ఫ్రిజ్‌లోనే ఊరుతుంది. అనుమానం ఉన్నవాళ్ళు రెండు రోజుల తర్వాత ఒక ముక్క తీసి, నూనె తుడిచి, కాసిని ఆర్‌ఓ నీళ్ళతో మెత్తగా నూరి పీహెచ్ కాగితం ముంచి చూడండి. 4.6 గీత అయినా 4.2 దగ్గర ఉంటే మంచిది. పసుపు, కారం రంగు కాగితాన్ని తికమక పెడుతుంది కాబట్టి ముక్క మధ్య భాగాన్నే నూరండి. అమ్మకానికి చేసేవాళ్ళు మాత్రం కాగితాలతో సరిపెట్టకుండా డిజిటల్ మీటర్ కొనుక్కోవాలి, ల్యాబ్‌కి శాంపిల్ పంపాలి.

ఫ్రిజ్‌లో నెల రోజులు నా లెక్క. పెద్ద మొత్తంలో చేస్తే చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టి ఒక్కోటీ దించుకోండి. పొడి చెంచా వాడటం మంచిదే, కానీ పొడి చెంచా వాడాం కాబట్టి బయట ఉన్నా ఫర్వాలేదు అనుకోవద్దు.

పిల్లలకి అమెరికా పంపే సంగతి: అక్కడి కస్టమ్స్ వాళ్ళు మన దేశం నుంచి మాంసం పచ్చళ్ళు రానివ్వరు, పట్టుకుంటే చెత్తబుట్టే. దాచి పంపినా రెండు రోజులు పెట్టెలో ఎక్కడ ఎంత వేడిలో పడి ఉందో తెలియదు. మసాలా పొడి కలిపి పంపండి, కొలతలు రాసి పంపండి, చికెన్ అక్కడే కొనుక్కుంటారు.

తిన్నాక తేడా చేస్తే

వాసన చూసి నిర్ణయించొద్దు. స్టఫైలోకాకస్ విషానికి వాసనా రుచీ ఉండవు, పైగా అది ఒకసారి తయారైతే ఎంత మరిగించినా పోదు, "ఒకసారి వేడి చేసి తినేద్దాం" అనేది దాని దగ్గర పనికిరాదు. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు ఒకటే వాంతులు పట్టుకుంటాయి, సాధారణంగా రోజులో తగ్గుతుంది, ఓఆర్‌ఎస్ తాగుతూ ఉండాలి. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు, గర్భిణులు అయితే ఆగకుండా డాక్టర్‌కి చూపించండి. జ్వరంతో విరేచనాలు ఒకటి రెండు రోజుల తర్వాత వస్తే సాల్మొనెల్లా లాంటిది అనుకోవచ్చు.

బొట్యులిజం అరుదు, కానీ దాని ముఖ్య లక్షణాలు కడుపుకి సంబంధించినవిగా కనిపించవు కాబట్టి తెలుసుకుని ఉండాలి. మామూలుగా 12 నుంచి 36 గంటల మధ్య మొదలవుతుంది: రెండేసి కనిపించడం, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం. జ్వరం ఉండదు, మనిషి స్పృహలోనే ఉంటాడు. నీరసం అనుకుని ఇంట్లో పడుకోబెట్టకండి, ఊపిరి తీసే కండరాల దాకా వెళ్తుంది, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఆ పచ్చడి సీసాని కడిగెయ్యకుండా, మూత బిగించి కవర్‌లో చుట్టి వెంట పట్టుకెళ్ళండి, ఏం తిన్నారని డాక్టర్ అడుగుతారు.